పవర్ ట్యూబులు అసలు ఎన్ని గంటలు వస్తాయి? (రోజంతా నడిచే ఆంప్)

సైడ్‌బీ:
అందరికీ నమస్కారం. మా ఎడిటింగ్ గదిలో ఈఎల్34 అనే వాక్యూమ్ ట్యూబులతో నడిచే పుష్‌పుల్ ఆంప్ (ట్యూబులు జతగా స్పీకర్‌ని నడిపేది) ఒకటి ఉంది. ఛానెల్‌కి రెండు చొప్పున నాలుగు పవర్ ట్యూబులు, ముందు చిన్న సిగ్నల్ ట్యూబులు ఈసీసీ83లు. రోజుకి పది గంటలు, వారానికి ఆరు రోజులు ఆన్‌లోనే ఉంటుంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే నాలుగూ డీలా పడ్డాయి, బాస్ వదులైపోయింది, కాస్త వాల్యూమ్ పెంచితే గొంతులు బరకగా వస్తున్నాయి. కొన్నచోట అడిగితే "పవర్ ట్యూబు అంటే రెండు వేల గంటలే సార్, మార్చుకోవాల్సిందే" అన్నారు. ఇంకోచోట పదివేల గంటలు వస్తాయని చదివాను. రెండు వేలకీ పదివేలకీ మధ్య ఇంత తేడా ఏంటండీ, ఎవరిని నమ్మాలి?

రిపేరుబల్ల:
ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, వేర్వేరు ట్యూబుల గురించి చెప్పారు. పదివేలు అనే అంకె ఎక్కువగా చిన్న సిగ్నల్ ట్యూబులకి వర్తిస్తుంది. ఈ88సీసీ లాంటి ప్రత్యేక శ్రేణి ట్యూబుల్ని తయారీదారులే 10,000 గంటల ట్యూబులని చెప్పి అమ్మేవారు. మామూలు ఈసీసీ83 కూడా సరిగా నడిపితే అంతవరకు వస్తుంది. పవర్ ట్యూబులకి జనం చెప్పుకునేది 1,500 నుంచి 5,000 దాకా. అంటే మూడింతల తేడా. ఆ తేడా ట్యూబులో కంటే దాన్ని నడిపే ఆంప్‌లోనే ఎక్కువ ఉంటుంది.

మీ లెక్క వారానికి 60 గంటలు, ఏడాదికి 3,100 పైన. ఎనిమిది నెలలకి 2,000 చిల్లర అయ్యాయి. అంత త్వరగా నాలుగూ ఒకేసారి పోయాయంటే నాకు ట్యూబుల మీద కాదు, ఆంప్ మీద అనుమానం. కొత్త సెట్ కొని పెట్టేముందు మూడు కొలతలు తీయండి: హీటర్ (లోపల వేడి చేసే తీగ) వోల్టేజీ, ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే చోటు) వోల్టేజీ, ఒక్కో ట్యూబు బయాస్ కరెంటు (పాట లేనప్పుడు పారేది). ట్యూబులు నీరసపడ్డాక కరెంటు తక్కువే చూపిస్తుంది కాబట్టి, వీలైతే ఎక్కడైనా మంచి ట్యూబులు అరువు తెచ్చి వాటితో కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఒక మాట, లోపల 450 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. అలవాటు లేకపోతే మీరు చెయ్యి పెట్టకండి, తెలిసినవాళ్లతో చేయించండి.

తీగలమోత:
ఎనిమిది నెలలకే బాధపడుతున్నారా 😀 గిటార్ ఆంప్‌లో మాకు ఏడాది వచ్చిందంటే పండగే. అది కూడా రోజూ వాయించకుండా. పవర్ ట్యూబుల్ని డిస్టార్షన్‌లోకి తోసి గంటలు గంటలు వాయిస్తాం కదా, స్క్రీన్ గ్రిడ్ (ప్లేటు ముందుండే తీగల జాలి) ఎర్రబడేదాకా. పైగా బండిలో ఎక్కించడం దింపడం, వేడిగా ఉండగానే మోసుకెళ్లడం. మా దాంట్లో ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) తగ్గి పోయిన ట్యూబు నేనైతే చూడలేదు, అన్నీ గలగలమనో, షార్ట్ అయ్యో, మైక్రోఫోనిక్ అయ్యో (తడితే స్పీకర్లో మోగేలా మారో) పోయినవే.

పాతట్రాన్స్‌మిటర్:
తీగలమోత గారు చెప్పినదాంట్లో అసలు విషయం ఉంది. ట్యూబు "అరగడం" వేరు, "చెడిపోవడం" వేరు. ముందు అరుగుదల సంగతి చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ఆడియో ట్యూబుల్లో క్యాథోడు అంటే నికెల్ గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత. లోపల హీటరు దాన్ని ఇంచుమించు 1,000 కెల్విన్ దాకా వేడి చేస్తుంది. ఎలక్ట్రాన్లు ధారాళంగా రావాలంటే పూతలో స్వేచ్ఛగా ఉన్న బేరియం కొంచెం ఉండాలి. నికెల్‌లో కలిపిన కొన్ని మూలకాలు ఆక్సైడ్‌ని కొద్దికొద్దిగా విడగొట్టి ఆ బేరియాన్ని తయారు చేస్తుంటాయి, వేడికి అది ఆవిరైపోతూ ఉంటుంది. తయారయ్యేదీ పోయేదీ సరితూగినంత కాలం ట్యూబు బాగుంటుంది. హీటర్ వోల్టేజీ పెంచితే దీపంలో వత్తి ఎగదోసినట్టే, వెలుగు వస్తుంది, నూనె తొందరగా అయిపోతుంది.

అక్కడితో ఆగదు. ఆవిరైన బేరియం వెళ్లి పక్కనే ఉన్న కంట్రోల్ గ్రిడ్ (కరెంటుని అదుపు చేసే జాలి) మీద పేరుకుంటుంది. గ్రిడ్ కూడా వేడెక్కితే అదే ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది. ఆ కరెంటు గ్రిడ్ లీక్ రెసిస్టర్‌లో నుంచి పోయి గ్రిడ్ బయాస్ వోల్టేజీని పాజిటివ్ వైపు లాగుతుంది, దాంతో ప్లేటు కరెంటు పెరుగుతుంది, ఇంకా వేడి, ఇంకా గ్రిడ్ ఎమిషన్. చివరికి ప్లేటు చెర్రీ ఎరుపు. అందుకే డేటాషీట్లలో గ్రిడ్ రెసిస్టర్ ఇంతకు మించొద్దని రాస్తారు. ఫిక్స్‌డ్ బయాస్‌లో (గ్రిడ్‌కి విడిగా నెగటివ్ వోల్టేజీ ఇచ్చే పద్ధతిలో) ఈఎల్34 కి 500 కిలోఓమ్‌లు, 6550 అనే ఇంకో పవర్ ట్యూబుకి 50 కిలోఓమ్‌లే. ఈఎల్34 కోసం గీసిన ఆంప్‌లో "ఎక్కువ పవర్ వస్తుంది" అని 6550 దూర్చేవాళ్లు ఈ ఒక్క లైను చదివితే చాలా ట్యూబులు బతికేవి.

హీటర్ తక్కువైనా మంచిది కాదు. క్యాథోడు చల్లబడితే లోపల మిగిలిన కొద్దిపాటి వాయువులు పూతని విషపూరితం చేస్తాయి, ఎమిషన్ పడిపోతుంది. 6.3 వోల్టులు అన్నచోట 6.3 దగ్గరే ఉండాలి, ఓ ఐదు శాతం అటూఇటూ.

అనుమానంపక్షి:
అయితే ట్రాన్స్‌మిటర్ స్టేషన్లలో ఫిలమెంట్ వోల్టేజీ కావాలని తగ్గించి ట్యూబు ఆయుష్షు పెంచుతారు కదండీ? అది మీ వృత్తే అనుకుంటా. అక్కడ తగ్గిస్తే లాభం, ఇక్కడ తగ్గిస్తే నష్టమా?

పాతట్రాన్స్‌మిటర్:
మంచి ప్రశ్న. అవి థోరియేటెడ్ టంగ్‌స్టన్ ఫిలమెంట్లు, 2,000 కెల్విన్ చుట్టుపక్కల పనిచేస్తాయి, అక్కడి రసాయనం వేరు. కొత్త ట్యూబుని కొన్ని వందల గంటలు పూర్తి వోల్టేజీ మీద నడిపి, తర్వాత అవుట్‌పుట్ తగ్గడం మొదలయ్యేదాకా మెల్లగా దించి, దానికి కాస్త పైన నిలుపుతాం. ఆయుష్షు బాగా పెరుగుతుంది, నిజమే. ఆక్సైడ్ క్యాథోడుకి ఆ చిట్కా అంటించకండి.

అనుమానంపక్షి:
సరే. ఇంకోటి. నేను విన్నదేంటంటే ట్యూబుల్ని చంపేది ఆన్ ఆఫ్ చేయడమే, ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే ఏళ్ల తరబడి వస్తాయని. రెండో ప్రపంచ యుద్ధంలో కొలోసస్ అనే కంప్యూటర్ కట్టిన టామీ ఫ్లవర్స్ వాదించింది ఇదే, ఆపకుండా ఉంటే వాల్వులు (అంటే ట్యూబులే) నమ్మకంగా పనిచేస్తాయని. ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌లో 17,468 ట్యూబులు. దాన్ని కూడా ఆపకుండా ఉంచేవాళ్లు, ఎక్కువ ట్యూబులు పోయేది వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ కాబట్టి. 1954లో ఒకసారి 116 గంటలు ఒక్క ట్యూబూ పోకుండా నడిచింది. గుణించి చూడండి, ఇరవై లక్షల ట్యూబు-గంటలు! అలాంటప్పుడు సైడ్‌బీ గారు రాత్రిపూట కూడా ఆపకుండా ఉంచేస్తే సరిపోదా?

రిపేరుబల్ల:
ఏడాదికి 8,760 గంటలు బ్రదర్. రోజుకి పది గంటల్లో పోతున్న పవర్ ట్యూబుని ఇరవైనాలుగు గంటలు కాల్చి కాపాడతామంటే ఎలా?

ఎనియాక్ లెక్క బాగుంది కానీ అది దాని జీవితంలో అత్యుత్తమ పరుగు, సగటు కాదు. పైగా అక్కడ ట్యూబులు చేసేది స్విచ్ పని, రేటింగ్ కంటే చాలా తక్కువలో. ఖాళీగా ఉన్నా సరే డిసిపేషన్ హద్దులో (ప్లేటు వేడిగా తట్టుకోగల వాట్లలో) డెబ్బై శాతం మీద కూర్చునే ఈఎల్34 తో పోలికే లేదు.

పాతట్రాన్స్‌మిటర్:
ఆ వరుసలో ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది, టాట్-1. 1956లో అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి టెలిఫోన్ కేబుల్. పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి కేబుళ్లు, ఒక్కోదాంట్లో 51 రిపీటర్లు (సిగ్నల్‌ని పెంచే పెట్టెలు), రిపీటర్‌కి మూడు ట్యూబులు. సముద్రం అడుక్కెళ్లి ట్యూబు మార్చేవాడు లేడు. 1978 దాకా పనిచేసింది. ట్యూబు స్వతహాగా అల్పాయుష్షు వస్తువు కాదనడానికి అది చాలు. కానీ ఏం చేశారో చూడండి: చిన్న కరెంటు, క్యాథోడు ఉష్ణోగ్రత తక్కువ ఉండేలా మొదటినుంచీ అందుకోసమే చేసిన డిజైను, ఏళ్ల తరబడి పరీక్షించి ఏరిన ట్యూబులు. ఆన్‌లో ఉంచడం ఒక్కటే కాదు.

ఫ్లవర్స్ గారి మాట తప్పని నేననను. ఆన్ చేసిన ప్రతిసారీ హీటరు వ్యాకోచిస్తుంది, దాని మీది అల్యూమినా పొర బీటలు వారొచ్చు. కానీ రోజుకి ఒక్కసారి ఆన్, ఒక్కసారి ఆఫ్ చేస్తే భయం లేదు. అరగంట భోజనానికి వెళ్తూ ఆపకండి. రాత్రికి మాత్రం ఆపేయండి.

కొత్తగావచ్చా:
అందరికీ హాయ్. నాకు చిన్న డౌట్. మా ఆంప్‌లో ట్యూబుల లోపల నీలం వెలుగు కనిపిస్తోంది, పైన వెండి మచ్చ అంచుల్లో గోధుమ రంగుకి తిరిగింది. పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది, ఆన్ చేయడం మానేశాను.

రిపేరుబల్ల:
టెన్షన్ వద్దు. నీలం ఎక్కడుంది అన్నదే ముఖ్యం. గాజు లోపలి గోడకి అంటుకున్నట్టు, పాటకి తగ్గట్టు ఊగుతూ ఉంటే అది దారి తప్పిన ఎలక్ట్రాన్లు గాజుని తాకడం వల్ల వచ్చే వెలుగు, ఏమీ కాదు, మంచి ట్యూబుల్లోనే బాగా కనిపిస్తుంది. ఎలక్ట్రోడుల మధ్యలో ఊదా రంగు పొగమంచులా నిండితే లోపల గ్యాస్ ఉంది, దాన్ని వెంటనే తీసేయండి.

వెండి మచ్చని గెటర్ అంటారు. అది కూడా బేరియమే, మిగిలిన వాయువుల్ని పట్టుకోవడానికి పెడతారు. అంచులు పలచబడటం వయసు, వేడి వల్ల మామూలే. మొత్తం పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు, ఆ ట్యూబు కథ ముగిసింది. మచ్చ ఎంత పెద్దదుంటే ట్యూబుకి అంత ఆయుష్షు మిగిలుందని మాత్రం అనుకోకండి, క్యాథోడు గురించి గెటర్ ఏమీ చెప్పదు. పాత ట్యూబులు అమ్మేవాళ్లు ఫొటోలో గెటర్ మెరుపే చూపిస్తారు, జాగ్రత్త.

సైడ్‌బీ:
కొలతలు వచ్చాయి! సర్వీస్ చేసే మిత్రుడితో తీయించాను, ట్యూబులు కూడా ఆయనవే పెట్టి చూశాం.
గోడ దగ్గర 238 వోల్టులు.
హీటర్ 6.8 వోల్టులు.
ప్లేటు 455 వోల్టులు.
క్యాథోడు దగ్గర ఒక ఓమ్ రెసిస్టర్ మీద 58 మిల్లీవోల్టులు, నాలుగింటికీ ఇంచుమించు అంతే.
ట్రాన్స్‌ఫార్మర్ వెనక 220, 240 అని రెండు ట్యాపులున్నాయి (గోడ వోల్టేజీని బట్టి తీగ కట్టే కొనలు), 220 కి కట్టి ఉంది. కొన్నప్పటినుంచి అలాగే ఉంది. ఇదేనా సమస్య?

రిపేరుబల్ల:
ఇదే. 220 ట్యాపుకి 238 ఇస్తే 6.3 కాస్తా 6.8 అవుతుంది, లెక్క సరిగ్గా సరిపోయింది. ఎనిమిది శాతం ఎక్కువ. రోజంతా.

బయాస్ చూద్దాం. ఒక ఓమ్ మీద 58 మిల్లీవోల్టులంటే 58 మిల్లీఆంపులు, కానీ అది క్యాథోడు కరెంటు, అందులో స్క్రీన్ కరెంటు కూడా కలిసుంటుంది. స్క్రీన్‌కి ఓ ఆరు తీసేస్తే ప్లేటుకి 52. 455 తో గుణిస్తే 23.7 వాట్లు. ఈఎల్34 ప్లేటు హద్దు 25. అంటే పాట లేకుండా ఊరికే ఉన్నప్పుడే 95 శాతం మీద కాలుతున్నాయి. మామూలుగా క్లాస్ ఏబీ (పెద్ద శబ్దంలో జత ట్యూబులు వంతులేసుకునే పద్ధతి) ఫిక్స్‌డ్ బయాస్‌లో 70 శాతం దాటనివ్వం, రోజంతా నడిచేదానికి నేనైతే 60, 65 మధ్య పెడతాను. ఇంత పీడనలోనూ 2,000 గంటలు వచ్చాయంటే మీ ట్యూబులు మంచివేనండీ.

ముందు ట్యాపు 240 కి మార్పించండి. హీటరు, ప్లేటు, బయాస్ సప్లై మూడూ దిగుతాయి. ఆ తర్వాతే బయాస్ మళ్లీ పెట్టండి, ఇప్పుడున్న అంకెల మీద కాదు.

అనుమానంపక్షి:
నేను ఒప్పుకోను. బయాస్ తగ్గిస్తే క్రాసోవర్ డిస్టార్షన్ (ఒక ట్యూబు నుంచి ఇంకోదానికి వంతు మారేచోట వచ్చే వక్రత) వస్తుంది, సన్నని చోట్ల శబ్దం ఎండిపోతుంది. ట్యూబుని కాపాడుకోవడానికి ఆంప్ కొన్నామా, వినడానికా? అలాంటప్పుడు క్లాస్ ఏ (ట్యూబులో కరెంటు ఎప్పుడూ ఆగని పద్ధతి) వాళ్లంతా ఏం చేస్తున్నారు, అక్కడ ఎప్పుడూ 90 పైనే కదా.

రిపేరుబల్ల:
మరీ చల్లగా పెడితే మీరన్నది నిజం. 40 శాతంలో పెడితే చెవికి తెలుస్తుంది. 65కీ 95కీ మధ్య తేడాని కళ్లు మూసుకుని పట్టేవాళ్లని నేనింకా కలవలేదు. డిస్టార్షన్ మీటర్ ఉంటే బయాస్ తిప్పుతూ చూడండి, కొంత దూరం గబగబా తగ్గి ఆ తర్వాత దాదాపు చదునుగా ఉంటుంది. ఆ చదును మొదలయ్యేచోటు మీది, దాని తర్వాత పోసేదంతా వేడే.

క్లాస్ ఏ వాళ్లు ఏం చేస్తున్నారంటారా, ట్యూబులు కొంటున్నారు. క్యాథోడు బయాస్‌తో (క్యాథోడు దగ్గరి రెసిస్టరే బయాస్ ఇచ్చే పద్ధతి) నడిచే ఈఎల్84 పవర్ ట్యూబుల గిటార్ ఆంపులు కొన్ని 12 వాట్ల హద్దు దాటి కూడా నడుస్తాయి, వాటికి ఏటా సెట్ మార్చడం ఖర్చులో భాగమే అనుకుంటారు. తెలిసి చేస్తే తప్పేం లేదు.

తీగలమోత:
నా ఆంప్ గురించే మాట్లాడుతున్నారని అర్థమైంది 🙏
స్టాండ్‌బై స్విచ్ (హీటరు వెలుగుతూనే ప్లేటుకి కరెంటు ఆపేది) సంగతేంటి మరి? ప్లేటుకి కరెంటు వచ్చేముందు క్యాథోడు వేడెక్కకపోతే పూత ఊడిపోతుందని మా వాళ్లంతా అంటారు, ముందు స్టాండ్‌బై, రెండు నిమిషాలాగి ఆన్. సైడ్‌బీ గారు విరామాల్లో స్టాండ్‌బైలో పెట్టుకుంటే ట్యూబులు మిగులుతాయి కదా?

పాతట్రాన్స్‌మిటర్:
పూత ఊడటమనేది పెద్ద వోల్టేజీల ట్యూబుల భయం, 450 వోల్టుల ఆడియో ట్యూబుకి దాన్ని అంటించడం అనవసరం. తిరగేసి చూస్తే స్టాండ్‌బైలోనే ఒక చిక్కుంది. 1940ల చివర ఎంఐటీలో వర్ల్‌విండ్ కంప్యూటర్ కట్టినప్పుడు ట్యూబులు వింతగా నీరసపడేవి, ముఖ్యంగా కరెంటు పారకుండా వేడిగా కూర్చున్నవి. క్యాథోడు నికెల్‌లో ఉన్న సిలికాన్ పూతతో కలిసి మధ్యలో ఒక అడ్డుపొర కట్టేస్తోందని తేలింది. నికెల్‌లో సిలికాన్ తగ్గించాక బాగుపడ్డాయి. మీ ట్యూబులో ఏ నికెల్ వాడారో మీకు తెలియదు కాబట్టి గంటలకొద్దీ స్టాండ్‌బైలో వదలకండి. పది నిమిషాలైతే పర్లేదు.

కొత్తగావచ్చా:
రెక్టిఫయర్ ట్యూబు (ఏసీని డీసీ చేసేది) ఉన్న ఆంప్‌లో కూడా ఇదేనా? మాది జీజెడ్34.

రిపేరుబల్ల:
దాన్ని చంపేది వేరే. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ పెద్దది పెడితే పోతుంది, జీజెడ్34 కి 60 మైక్రోఫారడ్లు హద్దు, 5యూ4 అయితే ఇంకా తక్కువ. ఇంకోటి, వేడిగా ఉండగా ఆపి వెంటనే మళ్లీ ఆన్ చేయడం. అప్పుడు కెపాసిటర్లు ఖాళీ, క్యాథోడు వేడి, ఒక్కసారిగా పోటెత్తుతుంది. ఆపితే ఒక నిమిషమైనా ఆగండి.

సైడ్‌బీ:
ముందున్న ఈసీసీ83లు కూడా మార్చేయమంటారా? పవర్ ట్యూబులతోపాటు మొత్తం సెట్ మార్చాలన్నారు కొన్నచోట.

పాతట్రాన్స్‌మిటర్:
బాగున్నవాటిని ఎందుకండీ. అవి ఒక మిల్లీఆంపు చుట్టుపక్కల నడిచేవి, ఎమిషన్ అరిగి పోవడం అరుదు. హిస్, చిటపటలు, పెన్సిల్‌తో తడితే స్పీకర్లో గంట మోగినట్టు రావడం, వీటిలో ఏదైనా ఉంటే మార్చండి. ఒకవేళ మీ దాంట్లో క్యాథోడ్ ఫాలోయర్ (క్యాథోడు నుంచి సిగ్నల్ తీసే సర్క్యూట్) ఉంటే ఆ ట్యూబు మీద మాత్రం కన్నేయండి. ఈసీసీ83 లో హీటరుకీ క్యాథోడుకీ మధ్య 180 వోల్టులే హద్దు, కొన్ని డిజైన్లు దాన్ని గీతదాకా తీసుకెళ్తాయి, అక్కడ ఇన్సులేషన్ పోయి హమ్ మొదలవుతుంది. హీటర్ సప్లైని కొంత డీసీ వోల్టేజీ మీదకి ఎత్తితే సమస్య తీరుతుంది.

సైడ్‌బీ:
అప్డేట్. ట్యాపు మార్పించాం. హీటర్ ఇప్పుడు 6.25. ప్లేటు 420 దగ్గర నిలబడింది. కొత్త సెట్ పెట్టి, 65 శాతం లెక్కన ప్లేటుకి 39, స్క్రీన్‌కి ఐదు కలిపి ఒక్కో దాని మీద 44 మిల్లీవోల్టులు పెట్టాం. ఆంప్ పైన ఉన్న ఫైళ్లు తీసేశాం, ఇంతకుముందు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేది. పవర్ కాస్త తగ్గి ఉంటుంది, గదిలో ఎవరికీ తేడా తెలియలేదు. పాత సెట్‌లో రెండు ట్యూబులు టెస్టర్ మీద అరవై శాతం లోపు చూపించాయి, మిగతా రెండు కొంచెం నయం. వాటిని స్పేరుగా ఉంచుకోవచ్చా?

రిపేరుబల్ల:
అత్యవసరానికి ఆ నయమైన రెండూ ఉంచుకోండి, మిగతావి వద్దు. కొత్తవాటికి మొదటి వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి మిల్లీవోల్టులు రాసి పెట్టుకోండి. నాలుగూ కలిసి నెమ్మదిగా దిగుతుంటే వయసు. ఒక్కటే పైకి ఎక్కుతుంటే అది గ్రిడ్ ఎమిషనో, లీకైన కప్లింగ్ కెపాసిటరో (ముందు దశ నుంచి సిగ్నల్ దాటించేది), ఆరోజే ఆపేయండి. సాకెట్ మార్చి చూస్తే తెలిసిపోతుంది, సమస్య ట్యూబుతో వెళ్తే ట్యూబుది, అక్కడే ఉండిపోతే కెపాసిటర్ది.

అనుమానంపక్షి:
గంటల మీటర్ కూడా ఒకటి బిగించండి సైడ్‌బీ గారూ, హీటర్ సప్లైకి చిన్నది కట్టొచ్చు. 5,000 దాటితే ఇక్కడికొచ్చి చెప్పండి, నేనింకా నమ్మట్లేదు.

సైడ్‌బీ:
మీటర్ ఆర్డర్ పెట్టేశాను 🙂